పరాయింటి గొడవ, మనింటి తీర్పు

2013 డిసెంబరులో ‘ఉయ్యాల జంపాల’ విడుదలైనప్పుడు అందులోని హీరోయిన్‌ను తెలుగు ప్రేక్షకులకు కొత్తగా పరిచయం చేయాల్సిన పని పడలేదు. అవికా గోర్ ముంబైలో పుట్టిన గుజరాతీ అమ్మాయి. తెలుగులో అదే ఆమె మొదటి సినిమా. అయినా పోస్టర్ చూడగానే చాలామంది నోట వచ్చింది ఆమె సొంత పేరు కాదు, ‘ఆనంది’. అంతకుముందు మా టీవీలో ‘చిన్నారి పెళ్లికూతురు’ పేరుతో వచ్చిన సీరియల్లో ఎనిమిదేళ్లకే పెళ్లయి అత్తారింట్లో అడుగుపెట్టిన పిల్ల ఆమె. కలర్స్ చానల్ 2008 జులైలో మొదలుపెట్టిన హిందీ సీరియల్ ‘బాలికా వధు’కు అది తెలుగు డబ్బింగ్. కథ జరిగేది రాజస్థాన్‌లో. తలమీద ముసుగులు, ఇసుక దారులు, మనకు నోరు తిరగని ఊళ్ల పేర్లు. కడప జిల్లాలో పుష్పగిరి పక్కనున్న వల్లూరులో గానీ, ప్రొద్దుటూరు బంగారు అంగళ్ల వెనక వీధుల్లో గానీ, పులివెందుల అరటితోటల పల్లెల్లో గానీ ఆ ఇంటితో చుట్టరికం ఉన్నవాళ్లెవరూ లేరు. అయినా ఆ ఇంటి గొడవ ఈ ఊళ్ల గొడవ అయిపోయింది.

ఇలాంటిదే అంతకు పదిహేడేళ్ల ముందు ఫిలిప్పీన్స్‌లో ఇంకా పెద్ద ఎత్తున జరిగింది. మెక్సికోలో టెలెవిసా సంస్థ 1994లో తీసిన ‘మరిమార్’ సీరియల్‌ను ఆర్.పి.ఎన్. 9 చానల్ 1996లో అక్కడి భాషలోకి డబ్ చేసి వేసింది. కథానాయిక తాలియా ఆ ఏడాదే మనీలా వస్తే జనం విరగబడ్డారు. మరుసటి ఏడు ఆమె తగాలోగ్ పాటలతో ఏకంగా ఓ ఆల్బం పాడింది. తగాలోగ్ రాని మెక్సికో అమ్మాయి తగాలోగ్‌లో పాడటం, తెలుగు రాని అవికా తెలుగు సినిమాలో మరదలు పిల్ల కావడం ఒకే తీగకు కాసిన కాయలు. ఊరు తెలియదు, భాష తెలియదు, కట్టు తెలియదు. మరి జనానికి అంత ఆపేక్ష ఎందుకు?

ఫిలిప్పీన్స్ విషయంలో పండితులకు ఒక జవాబు సిద్ధంగా ఉంటుంది. రెండు దేశాలనూ ఏలింది స్పెయిన్. 1565 నుంచి 1815 దాకా రెండున్నర శతాబ్దాలు మనీలాకూ మెక్సికో రేవు అకపుల్కోకూ మధ్య సరుకు ఓడలు తిరిగాయి. మెక్సికోకు స్వాతంత్ర్యం వచ్చేదాకా ఫిలిప్పీన్స్ పాలన కూడా మెక్సికో నగరం గుండానే నడిచింది. మతం ఒకటే, ఇంటి పేర్లు చాలామటుకు ఒకటే. కాబట్టి ‘మరిమార్’ అక్కడివాళ్లకు విడిపోయిన చుట్టం ఇంటి కథలా తోచిందంటారు. వినడానికి బాగుంది, అబద్ధమూ కాదు. కానీ ఈ జవాబు మోయగలిగిన బరువు కొంతే. స్పానిష్ అర్థమయ్యేవాళ్లు ఫిలిప్పీన్స్‌లో ఆనాటికి బహు తక్కువ. డబ్బింగ్ లేకుండా ఆ సీరియల్ ఒక్క వారం కూడా నిలబడేది కాదు. పైగా 2003లో తైవాన్ సీరియల్ ‘మీటియర్ గార్డెన్’ అదే జనాన్ని అంతగానూ ఊపేసింది, ఆ వెనకే కొరియా సీరియళ్లు బారులు తీరాయి. తైవాన్‌కూ ఫిలిప్పీన్స్‌కూ మధ్య ఏ అకపుల్కో ఓడ తిరిగింది? ఇక 1990ల మొదట్లో సోవియట్ యూనియన్ కుప్పకూలుతున్న రోజుల్లో రష్యా జనం టీవీలకు అతుక్కుపోయి చూసింది ‘ధనవంతులు కూడా ఏడుస్తారు’ అనే పాత మెక్సికో సీరియల్‌నే. వాళ్లకు మెక్సికోతో ఏ బంధుత్వమూ లేదు.

చరిత్రను కాసేపు పక్కనబెట్టి ‘మరిమార్’లోని ఒక్క సన్నివేశాన్ని చూద్దాం. సముద్రం ఒడ్డున గుడిసెలో అవ్వాతాతల దగ్గర పెరిగిన చదువురాని పిల్ల. భూస్వామి కొడుకు ఇంట్లోవాళ్ల మీది కసితో ఆ పిల్లను పెళ్లాడి ఇంటికి తెస్తాడు. ఆ ఇంట్లో పెత్తనం అతని సవతితల్లిది. ఆమె ఒకరోజు చేతి గొలుసును బురదలో పడేసి, పళ్లతో పట్టి తియ్యమంటుంది కోడల్ని. పిల్ల మోకాళ్లమీద వంగి బురదలో ముఖం పెడుతుంది. నెలల తర్వాత అదే పిల్ల ధనవంతుడి కూతురని తేలి, పట్టుబట్టల్లో పేరు మార్చుకొని తిరిగొచ్చి, ఆ అవమానాలకు ఒక్కొక్కటిగా బదులు తీర్చుకుంటుంది. ఈ ముక్క అర్థం కావడానికి స్పెయిన్ చరిత్ర తెలియక్కర్లేదు. పేదింటి నుంచి వచ్చిన కోడలికి అత్తారింట్లో తొలి నెలలు ఎలా గడుస్తాయో తెలిస్తే చాలు. జమ్మలమడుగులోనూ తెలుసు, మాస్కోలోనూ తెలుసు.

నా వాదం ఇది. ప్రతి ఇంటా ఒక ప్రశ్న ఉంటుంది, పైకి అనలేనిది. పరాయి సీరియల్ దాన్ని పేర్లు మార్చి అడుగుతుంది. పేర్లు పరాయివి కాబట్టే చూసేవాళ్లు బెరుకు లేకుండా తీర్పు చెబుతారు. ఆ తీర్పులు నలుగురితో చెప్పుకోవడానికి కథ సొంత భాషలో, రోజుకో విడతగా, అందరికీ ఒకే వేళకు అందాలి. ఈ మూడూ కలిసినచోట దేశం ఏదైనా సీరియల్ నిలబడుతుంది. సంస్కృతి పోలిక ఉంటే ఇంకాస్త సులువు, అంతే.

‘చిన్నారి పెళ్లికూతురు’నే తీసుకోండి. బాల్యవివాహం రాజస్థాన్ వాళ్ల రోగం, మనం దూరం నుంచి చూసి అయ్యో అనుకున్నాం అని చాలామంది భావన. లెక్కలు వేరే చెబుతాయి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 20 నుంచి 24 ఏళ్ల ఆడవాళ్లలో 18 నిండకముందే పెళ్లయినవాళ్లు రాజస్థాన్‌లో 25.4 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం. దేశం మొత్తానికి సగటు 23.3. ఆ సీరియల్ ముగిసి మూడేళ్లు దాటాక తీసిన లెక్కలివి. అంటే మనం చూసింది పరాయి రాష్ట్రపు వింత కాదు, మన గడపలోని సంగతే. మనకది కొత్తా కాదు. గురజాడ ‘కన్యాశుల్కం’ అచ్చయింది 1897లో. బాల్యవివాహాల నిషేధ చట్టం 2006లో వచ్చి మరుసటి ఏడాది నవంబరు నుంచి అమల్లో ఉంది. అయినా పల్లెలో పదో తరగతి పిల్లకు సంబంధం ఖాయం చేసుకున్న ఇంటికి వెళ్లి ఇది తప్పు అనే ధైర్యం ఎవరికుంటుంది? వాళ్లు మేనమామ వరసో, వియ్యంకుడి వరసో అవుతారు. రేపు కోతలకు మనుషులు కావాలన్నా, ఆసుపత్రికి బండి కావాలన్నా వాళ్ల గుమ్మమే తొక్కాలి. ఆనంది అత్తారింటి వాళ్లనైతే ఎంతమాటైనా అనొచ్చు. ‘ఆ ముసలామెకు కండ్లు కనపడ్లేదా, పసిబిడ్డకు తాళి కట్టిస్తుందా’ అని అవ్వ టీవీ ముందు కూర్చొని తిడుతుంటే, పక్కన కూర్చున్న కోడలు ఆ తిట్టు ఇంకెవరికి తగులుతుందో లోలోపల లెక్కవేసుకుంటుంది. రాజస్థాన్ ఎంత దూరమో ఆ తిట్టుకు అంత స్వేచ్ఛ.

ఇదే కథ వియత్నాంలో ‘ఎనిమిదేళ్ల పెళ్లికూతురు’ అనే పేరుతో, ఇండోనేషియాలో ‘ఆనంది’ పేరుతో జనాన్ని కట్టిపడేసింది. మెక్సికో సరుకు మనీలా చేరినట్టు మన దేశపు సరుకు హనోయ్ చేరిందన్నమాట. అసలు మన సీరియల్ పుట్టుకలోనే మెక్సికో ఉందని చాలామందికి తెలియదు. మిగేల్ సబిదో అనే మెక్సికో నిర్మాత 1970లలో వయోజన విద్య, కుటుంబ నియంత్రణ వంటి అంశాలను రోజువారీ కథల్లో కలిపి సీరియళ్లు తీశాడు. 1982లో కేంద్ర సమాచార ప్రసార మంత్రి వసంత్ సాఠే మెక్సికో వెళ్లి ఆ పద్ధతి చూసి వచ్చాడు. ఫలితం, 1984 జులైలో దూరదర్శన్‌లో మొదలైన ‘హమ్ లోగ్’. మనోహర్ శ్యామ్ జోషి రాశాడు. ప్రతి విడత చివర అశోక్ కుమార్ వచ్చి నాలుగు మాటలు చెప్పేవాడు. 156 విడతల ఆ సీరియల్‌కు 4 లక్షలకు పైగా ఉత్తరాలు వచ్చాయి. అది వేసిన బాటలోనే తర్వాతి సీరియళ్లన్నీ నడిచాయి. మంచి చెప్పాలన్న సబిదో ఉద్దేశం దారిలో ఎక్కడో జారిపోయింది గానీ, సాయంత్రం వేళ ఇంటిల్లిపాదినీ ఒకచోట కూర్చోబెట్టే కిటుకు మాత్రం చెక్కుచెదరలేదు.

కిటుకులో సగం డబ్బింగ్‌ది. దీన్ని మనవాళ్లు చిన్నచూపు చూస్తారు. ‘డబ్బింగ్ సీరియల్’ అనే మాటలోనే ఒక ఈసడింపు ఉంది. కానీ ఆ పని చేతికి తీసుకుంటే తెలుస్తుంది కష్టం. తెరమీద పెదాలు మూసుకున్నప్పుడు తెలుగు మాటలో ప, బ, మ లాంటి అక్షరం పడాలి, తెరుచుకున్నప్పుడు అచ్చు సాగాలి, మనిషి తల తిప్పేలోపు వాక్యం ముగియాలి. హిందీలోనూ తెలుగులోనూ క్రియ వాక్యం చివరే వస్తుంది కాబట్టి మన రచయితలకు కొంత వెసులుబాటు. కోపం కన్నుల్లో ఎక్కడ వెలుగుతుందో అక్కడే ‘పో’, ‘రాను’, ‘చంపుతా’ పడతాయి. స్పానిష్‌లో క్రియ సాధారణంగా నడిమధ్య ఉంటుంది, తగాలోగ్‌లో ముందే వచ్చేస్తుంది. మనీలా డబ్బింగ్ వాళ్లు ఇంకా ఎక్కువ తంటాలు పడివుండాలి. వరసల సంగతి సరేసరి. పెదనాన్నా చిన్నాన్నా, అత్తా పిన్నీ వేరువేరుగా పిలుచుకునే భాష మనది. ఆ వరస ఒక్కసారి తప్పినా చూసే ఆడవాళ్లు పట్టేసుకుంటారు. మాట సరిగ్గా అతికిందంటే ముసుగు కింది రాజస్థానీ ముఖం ఐదు నిమిషాల్లో మన ముఖమైపోతుంది.

డబ్బింగ్ అంటే అతుకుల బొంత, మన మట్టివాసన ఉండేది మన సీరియల్లోనే అనేవాళ్లు ఒకసారి కడప జిల్లా కూర్చున్నచోటి నుంచి చూడాలి. ‘యాడికి పోతాండావ్’ అనే ఊరి మాట మన సొంత సీరియళ్లలో ఎంత వినిపిస్తుంది? నాయనమ్మను జేజి అని పిలిచే ఇల్లు తెరమీద ఎంత కనిపిస్తుంది? స్టూడియో తెలుగు ఒకటుంది, ఏ జిల్లాదీ కానిది, ఇస్త్రీ చేసినట్టుండేది. సినిమాకు వస్తే మరీ అన్యాయం. ‘సమరసింహారెడ్డి’ 1999లో వచ్చిన దగ్గర్నుంచి చాలా ఏళ్లు రాయలసీమ అంటే సుమోలు, బాంబులు, వేటకొడవళ్లు. వల్లూరు మనిషి తన ప్రాంతం పేరు తెరమీద విన్న ప్రతిసారీ తన ఇల్లు కాదు, ఎవరో ఊహించిన యుద్ధభూమి కనిపించింది. ఆ లెక్కన రాజస్థానీ యాసను ఇస్త్రీ తెలుగులోకి మార్చిన సీరియల్ ఎంత పరాయిదో, హైదరాబాద్ స్టూడియోలో తీసిన సీరియల్ కూడా కాస్త అటూఇటూగా అంతే పరాయిది. ఇంకో సంగతి, తెలుగు సీరియళ్ల నాయికల్లో కన్నడ అమ్మాయిలు, మలయాళీ అమ్మాయిలు చాలామంది. వాళ్ల గొంతు వేరేవాళ్లు చెబుతారు. ‘కార్తీక దీపం’ వంటలక్కగా తెలుగిళ్లను ఏలిన ప్రేమి విశ్వనాథ్ మలయాళీ. ఆ సీరియల్ మాతృక ‘కరుత్తముత్తు’లోనూ నాయిక ఆమే. మన సొంతం అనుకున్నదాంట్లోనే డబ్బింగ్ పాలు ఎంతుందో చూడండి.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం ఉంది. జనం ఇష్టపడ్డారని మీరంటున్నారు గానీ, అసలు కారణం చానల్ వాళ్ల పొదుపు. సెట్టు వెయ్యక్కర్లేదు, నటులకు డబ్బివ్వక్కర్లేదు, కొని గొంతు మార్చి వేసేస్తారు, జనం వేరే దిక్కులేక చూస్తారు అని. పొదుపు మాట నిజమే. మెక్సికో సీరియళ్లు ప్రపంచమంతా తిరిగిందీ చాలామటుకు చవక కావడం వల్లే. కానీ చవక సరుకు అంగట్లోకి ఎందుకొచ్చిందో చెబుతుందిగానీ, అందులో ఏది అమ్ముడుపోయిందో చెప్పదు. డబ్ చేసి తెచ్చిన సీరియళ్లలో మూడు నెలలకే మూటగట్టుకొని పోయినవి ఎన్నో ఉన్నాయి; వాటి పేర్లు కూడా ఎవరికీ గుర్తులేవు. పైగా వేరే దిక్కులేదనడం మన విషయంలో అసలు చెల్లదు. ‘చిన్నారి పెళ్లికూతురు’ నడుస్తున్న రోజుల్లోనే జెమినీలో మంజులా నాయుడు తీసిన ‘మొగలి రేకులు’ నడుస్తోంది. 2008లో మొదలై అయిదేళ్లపాటు అచ్చ తెలుగు సీరియల్‌గా తిరుగులేకుండా ఏలింది. రిమోట్ ప్రేక్షకుల చేతిలోనే ఉంది. ఒకటి గమనించాలి: 2015లో టీవీ రేటింగులు లెక్కగట్టే బార్క్ సంస్థ పల్లెల్లో మీటర్లు పెట్టేదాకా రేటింగుల్లో పల్లెల ఊసే లేదు. కాబట్టి ఆ ముందటి ఏళ్లలో వల్లూరులాంటి ఊరు ఏం చూసిందో ఏ పట్టికా చెప్పదు. చెప్పేది నడివీధిలో జరిగిన చర్చలే.

పనివాళ్ల అభ్యంతరం ఇంకా న్యాయమైనది. డబ్బింగ్ వచ్చి పడితే ఇక్కడి నటులు, లైట్‌మెన్లు, మేకప్ వాళ్లు ఏమైపోవాలి? గత దశాబ్దం మొదట్లో తెలుగు టీవీ కళాకారులు, కార్మికులు ఈ కోపంతోనే హైదరాబాద్‌లో రోడ్డెక్కారు. కర్ణాటకలో డబ్బింగ్ మీద అనధికార నిషేధం దశాబ్దాలు నడిచింది. బెంగాల్లో హిందీ ‘మహాభారత్’ను బంగ్లాలోకి డబ్ చేసి వేయబోతే కళాకారుల సమన్వయ కమిటీ అడ్డుపడింది, ఆ గొడవ కాంపిటీషన్ కమిషన్ మీదుగా సుప్రీంకోర్టు దాకా పోయి, 2017 మార్చిలో అలా అడ్డుపడటం పోటీ చట్టానికి విరుద్ధమని తేలింది. చట్టం సంగతి అలా ఉంచినా, పొట్ట కొట్టినట్టే కదా అనే మాట మిగులుతుంది. దానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఒక సీరియల్ ఎందుకు నచ్చిందనేది వేరు, దానివల్ల ఎవరి కూడు పోయిందనేది వేరు, ఆ రెండోదానికి చానళ్లు డబ్బింగ్ గంటలకు ఒక హద్దు పెట్టుకోవడమే మార్గమనిపిస్తుంది. అయితే డబ్బింగ్ వచ్చినచోట సొంత పరిశ్రమ చస్తుందనే భయం నిజం కాలేదు. మనీలాలో జి.ఎం.ఎ. చానల్ 2007లో ‘మరిమార్’ను మరియన్ రివేరాతో సొంతంగా మళ్లీ తీసి జయించింది. ఇక్కడ 2017లో మొదలైన ‘కార్తీక దీపం’ 2023 జనవరి దాకా నడిచి, డబ్బింగ్ సీరియళ్లు కూడా చూడనంత ఆదరణ చూసింది. పరాయి కథ మొదట గొంతు మార్చుకొని వస్తుంది, తర్వాత మనిషినే మార్చుకుంటుంది. రెండో మెట్టులో పని మన స్టూడియోలకే దొరుకుతుంది.

చివరగా ఎప్పుడూ వినిపించేది, సీరియళ్లు ఆడవాళ్లను చెడగొడుతున్నాయనే మాట. ఇది అనేవాళ్లు క్రికెట్ చూసి మగవాళ్లు చెడిపోయారని అనగా వినలేదు. కుట్రలు, విషపు పాలు, మెట్లమీంచి తోయడాలు సీరియళ్లలో విసుగెత్తేంత ఉన్నాయి, వెనకేసుకు రానక్కర్లేదు. కానీ ఆధారం చూడాలి కదా. రాబర్ట్ జెన్సన్, ఎమిలీ ఆస్టర్ అనే ఆర్థికవేత్తలు బిహార్, తమిళనాడు సహా కొన్ని రాష్ట్రాల్లో పల్లెలకు కేబుల్ టీవీ వచ్చినప్పటి మార్పులు పరిశీలించి 2009లో ప్రచురించారు. కేబుల్ వచ్చిన పల్లెల్లో భార్యను కొట్టడం తప్పుకాదనే ఆడవాళ్లు తగ్గారు, కొడుకే కావాలనే పట్టు తగ్గింది, సొంత నిర్ణయాల్లో మాట చెల్లడం పెరిగింది. నగరపు ఆడవాళ్లు బయటికి వెళ్లి పనిచేసే జీవితాలను చూడటం ఒక కారణమని వాళ్ల అంచనా. ఆంధ్రప్రదేశ్ ఆ అధ్యయనంలో లేదు, ఆ ఫలితాన్ని వల్లూరుకు తెచ్చి అంటించను. అయితే పరాయి ఇంటిని రోజూ చూస్తే సొంత ఇంటిని తూచడానికి ఒక కొలబద్ద దొరుకుతుందనే నా వాదానికి అది బలమే ఇస్తుంది. దీనికి ఎదురుగా, పైన చెప్పిన 29.3 శాతం కూడా మరిచిపోకూడదు: టీవీ ముందు తిట్టినంత మాత్రాన పెళ్లిపందిట్లో మాట మారలేదు.

ఇప్పుడు పద్ధతి మారుతోంది. కొరియా, టర్కీ సీరియళ్లు మొబైల్లోకే వచ్చేస్తున్నాయి. ‘స్క్విడ్ గేమ్’ లాంటివి తెలుగు గొంతుతోనే దొరుకుతున్నాయి. భాష అడ్డు పూర్తిగా పోయింది, దేశాల వరస ఇంకా పెరిగింది. పోయింది మటుకు ఒకే వేళ. విడతలన్నీ ఒకేసారి దొరుకుతాయి, ఒక్కరే చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకొని ఒక్క రాత్రిలో చూసేస్తారు. అత్త తిడుతుంటే కోడలు విని మనసులో లెక్క వేసుకునే సమయం ఆ చూపులో లేదు. పరాయి సీరియల్‌కు మన ఊళ్లలో వచ్చిన పేరులో ఎంత పాలు ఆ ఉమ్మడి కూర్చోవడానిదో రాబోయే పదేళ్లలో తేలుతుంది. చానళ్ల వాళ్లు రాత్రి ఏడున్నర వేళ సీరియల్‌ను ఇంకా వదలకపోవడానికి కారణం మాత్రం ఇప్పటికే తెలుసు: ఆ వేళకు ఈ ఊళ్ల ఇళ్లలో టీవీ ఇంకా పెద్ద శబ్దంతోనే మోగుతోంది.